గుండెకు కొత్త క్యామ్

పొద్దున్నే ఆయన బండి స్టార్ట్ చేసేవేళకి ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి జరిగి గోడకి ఆనుకుంటుంది. పెళ్లైన నాటి నుంచి ఆవిడ గుండె ఆ బండి ఇంజిన్‌తో పాటే కొట్టుకుంటోంది. ఆయన ఇంజిన్ ఆపే క్షణంలో ఏ లయ ఉంటే, మళ్లీ స్టార్ట్ చేసేదాకా అదే లయ ఆవిడకి మిగిలిపోతుంది. డాక్టరు కూడా స్టెతస్కోపుతో విని, "ఐడిలింగ్ కాస్త తక్కువుంది, మెకానిక్‌కి చూపించండి" అనేవాడు.

ఆ ఆదివారం ఆయన క్యామ్‌షాఫ్ట్ మార్పించడానికి షెడ్డుకి వెళ్తూ ఆవిడనీ వెనక ఎక్కించుకున్నాడు. సలహా అడగడానికి కాదు, సంచి పట్టుకోవడానికి.

మెకానిక్ బల్ల మీద రెండు క్యామ్‌షాఫ్టులు పెట్టాడు, ఉబ్బులున్న ఇనప కడ్డీలు.

"వాల్వులు ఎంతసేపు తెరిచుండాలో వీటి చేతిలో ఉంటుంది సార్. ఈ చిన్నదైతే ఊళ్లో హాయిగా లాగుతుంది. నిలబెట్టినా ఐడిల్ నిమ్మళం. పెద్దది హైవే సరుకు. స్పీడులో అదిరిపోతుంది గానీ, నిలబెడితే తడబడుతుంది." ఆవిడ వైపు తిరిగాడు. "అది వేస్తే మీకు మెట్లెక్కడం కష్టమమ్మా."

"చిన్నది చాలండీ," అందావిడ.

"బండి నడిపేది నువ్వా?" అన్నాడాయన. "ఆ తడబాటే దాని అందం. సిగ్నల్ దగ్గర నలుగురూ తిరిగి చూడాలి. నీకేం, అలవాటైపోతుందిలే."

నలుగురూ తిరిగి చూశారు. ప్రతి సాయంత్రం ఆయన గుమ్మం ముందు ఇంజిన్ చప్పుడు స్నేహితులకి వినిపించి, సరిగ్గా ఆ తడబాటు మీదే ఆపేవాడు. లోపల ఆవిడ బకెట్ ఎత్తబోయి కూలబడేది.

"మీ మామయ్య స్కూటర్ ఎన్ని కిక్కులకీ అందుకునేది కాదు. నేనేమైనా అన్నానా?" అంది అత్తగారు.

నిజమే, అనలేదు. అనడానికి ఊపిరుంటేగా.

ఒకరోజు ఆవిడ మెట్ల మధ్యలో కూర్చుని ఇక లేవలేకపోయింది. ఇలాగే ఏదో పూట ఆగిపోతానని అర్థమైంది. ఆయన స్నానాల గదిలో పాడుకుంటున్నాడు. ఎలాగో దిగి తాళంచెవి అందుకుంది. బండి నడపడం పెళ్లికి ముందు అన్నయ్య నేర్పిన విద్యే.

వీధి చివరిదాకా కళ్లకి చీకట్లు కమ్మాయి. హైవే ఎక్కాక ఇంజిన్ గొంతు విప్పింది. గుండె ఒక్క దెబ్బ తప్పకుండా పరిగెత్తింది. నెమ్మదిస్తే మళ్లీ తడబాటే. క్లచ్ పట్టి, ఆ పరుగులోనే ఇంజిన్ ఆపే ఎర్ర స్విచ్ నొక్కేసింది. బండి చప్పుడు లేకుండా దొర్లి రోడ్డు పక్కన ఆగింది. గుండె పరుగు మాత్రం ఆగలేదు.

ఫోన్ చేస్తే మెకానిక్ పనిముట్లతో వచ్చాడు. ఆవిడ నాడి చూసి గతుక్కుమన్నాడు.

"ఈ పరుగుతో నిద్రెలా పడుతుందమ్మా? గుండె ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? చిన్నది వేసేస్తాను."

"రేపు ఆయన మళ్లీ పెద్దదే వేయిస్తారు. ఇది తీసేయండి. ఏదీ వేయొద్దు."

కవరు విప్పి, నూనె కారుతున్న కడ్డీని లాగి ఆవిడ చేతికిచ్చాడు.

"సార్ ఇంకోటి తెప్పిస్తారుగా?"

"తెప్పిస్తారు. ఎన్నాళ్లు పడుతుంది?"

"ఓడలో రావాలి. మూడు నెలలు." చేతుల నూనె తుడుచుకుంటూ అన్నాడు, "మీరెంత దూరం పోయినా, బిగించిన రోజు మీకు తెలిసిపోతుందమ్మా."

"తెలియనివ్వండి," అని వస్తున్న బస్సుకి చెయ్యెత్తింది. అది పూర్తిగా ఆగేదాకా నిలబడటం ఆ పరుగు గుండెతో ఆవిడ వల్ల కాలేదు; కదులుతుండగానే ఎక్కేసింది.