పలకల పెట్టె

బొగ్గుపొడిలో దొండాకు నలిపి పలకలకు రుద్దుతోంది ఆరోగ్యమ్మ. రుద్దినదాన్ని కడిగి వసారా గోడకు ఆనిస్తోంది. మధ్యలో లేచి వెళ్లి గంట కొట్టి వస్తోంది. జగ్గయ్యపేట ఆడపిల్లల బడిలో ఆయా ఆమె. పొట్టి మనిషి. చేతులు గట్టిగా, నరాలు తేలి ఉంటాయి. మడమలు వేసంగి రేగడిలా పగిలి ఉంటాయి. బడి వసారాలోనే ఓ మూల వండుకుని, అక్కడే పడుకుంటుంది.

ఆ పలకలు బడివి కావు. నందిగామలో పంతులుగిరీ చేసే ఉమాకాంతంగారు బర్మా వెళ్తున్నారు. తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న తెలుగు పిల్లలకు రంగూన్లో ఒక తరగతి నడుస్తోంది. దానికి ఆయన కొత్త మాస్టారు. అక్కడ తెలుగు వాచకాలు దొరకవనీ, పలకలూ బలపాలూ పాతవైనా సరే ఇప్పించమనీ పెద్దపంతులమ్మ ప్రసూనాంబగారికి కబురు పెట్టారు. ఆవిడ తరగతుల్లో ఓ మాట చెప్పి ఊరుకున్నారు. ఇంటింటికీ తిరిగింది మాత్రం ఆరోగ్యమ్మే. అటకల మీది అట్టల్లేని వాచకాలు, అంచుచెక్కలు ఊడిన పలకలు, అరిగిపోయిన పెన్సిళ్లు కొంగులో మూటగట్టి తెచ్చింది. గుమ్మంలోనే లేవన్న ఇళ్లకు మర్నాడు మళ్లీ వెళ్లింది. అంత పట్టుదల ఎందుకో ఎవరూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

ఉమాకాంతంగారు ఆ సాయంత్రమే బెజవాడ బస్సెక్కుతున్నారు. పెట్టె నందిగామ బస్సు కండక్టరుకు అప్పగిస్తే చాలన్నారు ప్రసూనాంబగారు. బస్సు మీద పడేస్తే పలకలు దక్కవంది ఆరోగ్యమ్మ. ఒంటిపూట సెలవడిగింది. ఆమె సెలవడగడం ఆవిడ అంతకుముందు ఎరగరు.

పలకల మధ్య వరిగడ్డి దోపిన ఆ చెక్కపెట్టెను బస్సులో ఒళ్లోనే పెట్టుకుంది. నందిగామ కాస్త దూరం ఉందనగా అనాసాగరం దగ్గర టైరు పేలింది. మగవాళ్లు దిగి చుట్టలు ముట్టించారు. ఆమె కాసేపు చూసింది. పొద్దు వాలుతోంది. దిగి, పాత చీరపేలికతో చుట్టకుదురు చుట్టి, పెట్టె నెత్తికెత్తుకుని రోడ్డంట నడక సాగించింది. నడక ఆమెకు కొత్త కాదు. రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు కొండలూ అడవులూ దాటి నడిచొచ్చిన మనిషి. దారిలో భర్త కలరాతో పోతే, ఆకులు కప్పి వచ్చేసింది.

నందిగామ చేరేసరికి బెజవాడ బస్సు ఇంకా కదల్లేదు. పెట్టె దించిన ఆమె ముఖం చూసి ఉమాకాంతంగారు తమ చెంబులో నీళ్లిచ్చారు. ఆమె ఊపిరి కుదుటపడేదాకా ఆగి, రంగూన్లో ఎవరన్నా ఉన్నారా అని అడిగారు.

"ఉండేవోళ్లండి. మా ఇంటాయన అక్కడే పజండాంలో రైసుమిల్లులో చేసేవోడు. బాంబులు పడ్డ రోజున జనం తోసుకొచ్చారు. మా పిల్ల చెయ్యి వదిలేసా. మళ్లీ కనపళ్లా."

పిల్ల పేరు చెబితే అక్కడ వాకబు చేస్తానన్నారాయన. ఆరోగ్యమ్మ కొంగుతో పెట్టె మీది దుమ్ము తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"సుగుణ అండి."

ఆ పేరు పైకి అని ఎన్నేళ్లయిందో.

"ఉంటే ఈపాటికి పిల్లల తల్లయ్యుంటది. ఎతకమని కాదండి, మీరడిగారని చెప్పా. పెట్టె మాత్రం ఓడలో అడుగున ఎయ్యనీకండి. పలకలు పగుల్తయ్."

బస్సు కదిలింది. పెట్టె ఆయన పక్క సీటులో ఉంది. ఆమె దుమ్ము అణిగేదాకా నిలబడి, జగ్గయ్యపేట బస్సెక్కింది.

మర్నాడు బడి గంట మోగలేదు. పిల్లలు పలకలు పట్టుకుని ఆవరణలోనే నిలబడ్డారు. ప్రసూనాంబగారు వచ్చి వసారాలోకి వెళ్లారు. ఆరోగ్యమ్మ గోడవైపు ఒత్తిగిలి పడుకుని ఉంది. ఆమె భుజం మీద చెయ్యి వేసి, చల్లగా తగలడంతో వెంటనే తీసేశారు. బయటికొచ్చి పిల్లల్ని ఇళ్లకు పంపేశారు.

తలగడ పక్కన చుట్టకుదురు ఒకటి ఉంది. పాత చీరపేలిక చుట్టినది, బరువుకు ఒకవైపు బాగా అణిగిపోయి, గడ్డిపరక ఒకటి ఇంకా దానికి అంటుకునే ఉంది.