ప్రార్థనాంశం

"మింగిన అక్కా. ఇంక పో, నీకు లేటైతది," అన్నాడు అక్షయ్.

షారన్ కదల్లేదు. అమెరికాలో ఓ కౌంటీ ఆరోగ్య శాఖలో ఆమె ఉద్యోగం క్షయ రోగుల చేత తన కళ్ళెదుటే మాత్రలు మింగించడం, వాళ్ళ పక్కన మసిలినవాళ్ళని వెతికి పరీక్షకు తీసుకురావడం. ఆ రోజు అప్పటికే రెండిళ్ళలో తిట్లు తిని వచ్చింది. ఈ కుర్రాడు తిట్టడు. మాత్రలు వేసుకుంటాడు, రూమ్మేట్లని తనే పరీక్షకు పంపాడు. జబ్బు బయటపడేదాకా సాయంత్రాలు ఎక్కడ పనిచేశాడో మాత్రం చెప్పడు. స్టూడెంట్ వీసా మీద బయట పని చేసినట్టు తెలిస్తే చదువూ పోతుంది, దేశమూ పోతుంది. అంట్లు తోమి ఫీజు కట్టే పిల్లల సంగతి ఆ రూలు రాసినవాళ్ళకి ఎందుకు పడుతుంది?

"నీ వీసాతో నాకు పన్లేదు అక్షయ్. అక్కడ ఇంకెవరైనా దగ్గుతున్నారా? అది చెప్పు చాలు. నా నోటి నుంచి బయటికి పోదు."

అతను లేచి గది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"హనుమయ్య అని పెద్దాయన ఉన్నడు. పొయ్యి కాడ. నాకన్న ముందుకెంచే దగ్గుతుండు. వెనక స్టోర్ రూమ్‌లనే పంటడు. విజిటర్ వీసా ఎప్పుడో అయిపోయింది. నువ్వు సీదా పోతే ఉరుకుతడక్కా. సోమవారం ఆయనకి లీవ్. కింద పార్కింగ్‌కి పిలుస్త, నువ్వే మాట్లాడు."

అక్షయ్ అంట్లు తోమిన ఆ హోటల్ దేవకుమార్‌దట. షారన్ వెళ్ళే తెలుగు చర్చి సంఘంలో ఆయన పెద్ద.

సూపర్‌వైజర్‌కి చెబితే రేపే నర్సు వెళ్తుంది, ముసలాయన మాయమవుతాడు. ఆగితే ఆ వంటింట్లో వాళ్ళంతా సోమవారం దాకా అదే గాలి పీల్చాలి. ఏది తప్పో, ఏది ఎక్కువ తప్పో ఆమెకి తేల్లేదు. ఆగుదామనే అనుకుంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంది.

"ఏంటమ్మా, మొహం అట్టా పీక్కుపోయింది?" అంది అత్తగారు జ్ఞానమ్మ.

"మన తెలుగోళ్ళ హోటల్లో అంట్లు తోమే కుర్రాడికి టీబీ అత్తయ్యా. అక్కడే పొయ్యి దగ్గర ఇంకో పెద్దాయన దగ్గుతున్నాడు. సోమవారం ఆయన్ని ఒప్పించాలి. ప్రార్థన చెయ్యండి. మీలోనే ఉంచుకోండి."

పేర్లు చెప్పలేదు. అంతటితో నియమం పాటించాననుకుంది వెర్రిది. తెనాలిలో ఉన్నన్నాళ్ళూ ప్రతి శుక్రవారం పదిమందిలో గొంతెత్తి ప్రార్థించిన మనిషి జ్ఞానమ్మ. మనసులో చేసుకునేది ఆమె లెక్కలో ప్రార్థనే కాదు. కష్టం ఎంత వివరంగా చెబితే అంత బాగా దేవుడికి అందుతుందని ఆమె నమ్మకం. అందులో ఇసుమంతైనా దురుద్దేశం లేదు, అదే వచ్చిన చిక్కు.

ఆ శుక్రవారం సాయంత్రం గృహ ప్రార్థన అల్ఫారెట్టాలో దేవకుమార్ ఇంట్లోనే. ఒకరి గ్రీన్ కార్డు, ఇంకొకరి కానుపు, మరొకరి లేఆఫ్. ఆ అంశాలన్నీ అయ్యాక జ్ఞానమ్మ కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, మన తెలుగోళ్ళ హోటల్లో అంట్లు తోముకునే బిడ్డ టీబీతో నీరసించిపోయాడయ్యా! ఆ పొయ్యి దగ్గర దగ్గుతున్న పెద్దాయన్ని సోమవారం మా షారన్ చేతికి అప్పగించు తండ్రీ!"

అందరూ ఆమెన్ అన్నారు. షారన్ కళ్ళు తెరిచింది. ఎదురుగా దేవకుమార్ కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి.

భోజనాల దగ్గర ఆయనే వచ్చి ఆమె ప్లేట్లో పులావు వడ్డించాడు. "ఏ హోటల్ సిస్టర్?"

"చెప్పకూడదు బ్రదర్."

"మంచిది, చెప్పకండి," అని నవ్వాడు.

సోమవారం పార్కింగ్‌లో అక్షయ్ ఒక్కడే మాస్కుతో నిలబడి ఉన్నాడు.

"రాడక్కా. శనివారం పొద్దుగాల్నే హోటల్ సార్ బస్సెక్కిచ్చిండు. ఏ ఊరికో తెల్వదు. ఫోన్ బంద్. నన్ను గూడ ఇంక రావద్దని మెసేజ్ పెట్టిండు."

ఒక ముసలాయన దగ్గుకుంటూ బస్సులో పోతున్నాడు. పక్క సీట్లో ఎవరున్నారో, దిగాక ఏ వంటింట్లో దూరతాడో ఇంక ఎవరికీ తెలియదు. షారన్‌కి తనమీద తనకే అసహ్యం వేసింది.

"మిగతావాళ్ళ పేర్లయినా చెప్పు అక్షయ్. వాళ్ళకి టెస్ట్ చెయ్యాలి."

"గోలీలియ్యి, మింగుత. పేరైతే ఒక్కటి గూడ చెప్ప. చెప్పిన పాపానికేగా పెద్దాయన పోయిండు."

దేవకుమార్‌కి ఫోన్ చేసింది. "మా దగ్గర అలాంటివాళ్ళెవరూ లేరు సిస్టర్. అందరూ హెల్తీ. మీ డ్యూటీ కోసం ప్రేయర్ చేస్తున్నాం," అన్నాడాయన.

సూపర్‌వైజర్‌కి జరిగిందంతా చెప్పుకుంది. షారన్ ఉద్యోగం సంగతి తర్వాత తేలుస్తానని, ఆవిడ ఆమెని మొదట హోటల్‌కి పంపింది. షారన్ వెళ్ళి వంటింటి వెనక తలుపు తట్టింది. ఓ అమ్మాయి వారగా తీసింది. పిల్ల వయసు ఇరవై మూడుంటుందేమో. షారన్ మెడలో బ్యాడ్జి చూసి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"భయపడకమ్మా. ఇక్కడ పనిచేసేవాళ్ళకి ఒక చిన్న రక్తపరీక్ష, అంతే. ఫ్రీ. పేరు ఎవరికీ చెప్పం."

"నేనిక్కడ పని చెయ్యనండి," అంది ఆ పిల్ల. "తినడానికొచ్చాను."

చేతులకి రబ్బరు గ్లవ్స్. మోచేతుల దాకా సబ్బు నురుగు కారుతోంది. దగ్గు వస్తే భుజంలో మొహం దాచుకుని దగ్గి, తలుపు వేసేసుకుంది.