స్క్రూ పక్కన ఎర్రచుక్క

నేను ఒక కార్బొరేటర్ని. పాత అంబాసిడర్ కారు బానెట్ కింద ఇరవై రెండేళ్లు బతికాను. గాలినీ పెట్రోలునూ తగిన పాళ్లలో కలిపి ఇంజనుకు అందించడం నా పని. కూరలో ఉప్పులాంటిదాన్ని. సరిగ్గా ఉన్నంతకాలం నా పేరు ఎవరూ తలవరు.

కరిగిన లోహాన్ని అచ్చులో పోసి నన్ను చేశారు. మొదట ఒక రోడ్డు కాంట్రాక్టరు దగ్గర, తర్వాత కాఫీ తోటల ఆఫీసరు దగ్గర తిరిగి, చివరికి చింతపల్లిలో ఎర్రునాయుడి చేతికి వచ్చాను. అతను కొండమీది రోగులను ఘాటురోడ్డు మీదుగా నర్సీపట్నం ఆసుపత్రికి దించేవాడు. పురుటి కేసు వస్తే అన్నం ముందు నుంచి లేచేవాడు. తన గుండెలో అప్పుడప్పుడూ పొడిచే నొప్పి గురించి మాత్రం ఇంట్లో కూడా చెప్పలేదు.

నా పక్కన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. ఊరి మెకానిక్ దాలప్ప మేస్త్రి ఒక పూటంతా ఇంజను చప్పుడుకు చెవి ఒగ్గి దాన్ని సరిచేశాడు. స్క్రూ గాడి ఎటు తిరిగి ఉందో అక్కడ నా ఒంటిమీద ఎర్రరంగుతో చుక్క పెట్టాడు.

"ఎప్పుడైనా విప్పితే, అడుక్కంటా బిగించి ఒక సుట్టు వొదులు. తర్వాత గాడి ఈ సుక్కకి వొచ్చేదాకా తిప్పు. పావు సుట్టు తేడా వొచ్చినా బండి నీ మాటినదు నాయుడూ," అన్నాడు.

దసరాకు ఆయుధపూజ. ఎర్రునాయుడి భార్య పైడితల్లి బానెట్ ఎత్తించి, కిరసనాయిల్ గుడ్డతో ఇంజనంతా తుడిచింది. నా ఒంటిమీద మాసిన ఎర్రచుక్క కనబడింది. నిరుటి బొట్టు అనుకుంది. పాతది పూర్తిగా తుడిచేసి, నూనెలో కలిపిన కుంకుమతో కొత్తది పెట్టింది. స్క్రూకి దగ్గరగానే పెట్టింది, కానీ పావు చుట్టు ఇవతల. ఎంత శ్రద్ధగా పెట్టిందంటే, అచ్చం మేస్త్రి చుక్కలాగే ఉంది.

పూజకు బండి కడిగినప్పటి నీళ్లు నాలోకి దిగాయి. మర్నాడు ఎర్రునాయుడు నన్ను విప్పి, ఆరబెట్టి, బిగించాడు. చెప్పింది చెప్పినట్టే చేశాడు. అడుక్కంటా బిగించాడు, ఒక చుట్టు వదిలాడు, గాడిని ఎర్రచుక్కకు తెచ్చి ఆపాడు.

అప్పటినుంచి ఇంజను మిస్సింగ్ కొట్టసాగింది. పెట్రోలు పాలు పెంచే చోక్ లాగితే నడిచేది, వదిలితే ఆగిపోయేది. పెట్రోలు చాలడంలేదని అంతకంటే ఎలా చెప్పను? అతను ప్లగ్గులు మార్చాడు. పాయింట్లు గీకాడు. పెట్రోలు పంపు విప్పి చూశాడు. కల్తీ పెట్రోలు అని బంకువాణ్ణి తిట్టాడు. మనిషి ముందు పక్కవాణ్ణి అనుమానిస్తాడు, తర్వాత దేవుణ్ణి. తన చేత్తో తిప్పినదాన్ని చివరిదాకా అనుమానించడు. దాలప్ప పండక్కి కూతురి ఊరు వెళ్లాడు. అతను వచ్చాక చూపిద్దామని ఎర్రునాయుడు అనుకున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఎర్రునాయుడు ఎడమచెయ్యి పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. ఊళ్లో ఆ వేళకు మరో బండి లేదు. పైడితల్లి తమ్ముడు సూరిబాబు స్టీరింగు పట్టాడు. వెనకసీట్లో ఆమె ఒడిలో భర్త తల.

ఘాటులో మలుపు మలుపుకీ ఇంజను ఆగింది. సూరిబాబు హ్యాండిల్ తిప్పి తిప్పి లేపేవాడు. సగం ఘాటు దిగాక ఇక లేవనే లేదు. బానెట్ ఎత్తాడు.

"ఏటయిందిరా?" వెనకనుంచి ఎర్రునాయుడి గొంతు.

"ప్లగ్గులు బాగానే ఉన్నాయి బావా. పెట్రోలొస్తంది. స్క్రూ ఏటైనా తిప్పీమంటావా?"

"గాడి సుక్క కాడే ఉందా?"

"సుక్క కాడే ఉంది."

"అయితే దాన్ని ముట్టుకోకు. మేస్త్రి ఎట్టిన గుర్తది."

సూరిబాబు స్క్రూడ్రైవరు వెనక్కి తీశాడు. పావు చుట్టు. నాకు నోరు లేదు.

కింద నుంచి లారీ వచ్చేసరికి ఎర్రునాయుడి చెయ్యి చల్లబడింది.

అతను పోయిన మూడో రోజు దాలప్ప వచ్చాడు. ఘాటునుంచి లాక్కొచ్చి పెరట్లో పెట్టిన బండి బానెట్ ఎత్తి, చాలాసేపు నన్ను చూశాడు. గోటితో ఎర్రచుక్కను గీకి వాసన చూశాడు. స్క్రూని పావు చుట్టు వదిలి స్టార్ట్ చేశాడు. ఇంజను ఎక్కడా తడబడకుండా మెత్తగా నడిచింది.

ఆ చప్పుడుకు పైడితల్లి బయటికి వచ్చింది.

"దేనివల్ల ఆగిపోనాది మేస్త్రీ?"

"ప్లగ్గులమ్మా. పాతబడిపోనాయి."

"మొన్నేగా కొత్తవేసేడు." ఆమె అతని గోరుకేసి చూసింది. "ఆ యెరుపు నానెట్టిన బొట్టు."

దాలప్ప వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. వాళ్లిద్దరి మధ్యా ఇంజను బాగా నడుస్తూనే ఉంది.

"ఆపీ మేస్త్రీ," అంది ఆమె.

ఆపేశాడు.

బండిని ముక్కలుగా అమ్మేశారు. నేను దాలప్ప దుకాణంలో ఇనపతుక్కులో పడ్డాను. అతను ఇప్పుడు రంగు వాడడు, ఉలితో గీత కొడతాడు. ప్రతి దసరాకూ ప్రతి పానాకూ, ప్రతి సుత్తికీ, తుక్కులోని మరలకు కూడా బొట్లు పెడతాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి కాసేపు ఆగి, నన్ను దాటిపోతుంది. నా స్క్రూ గాడి మాత్రం అతను ఆనాడు తిప్పిన చోటే, సరిగ్గా ఉంది.