నీళ్ళు దాచుకునే మొక్కలు

మున్సిపాలిటీ దోమల డిపార్ట్‌మెంటులో పనిచేసేవాడికి మిద్దె నిండా బ్రొమీలియాడ్లేమిటని అడిగితే కృపాకర్ నవ్వేసేవాడు. ఆకులన్నీ నడుమ గిన్నెలా కూడి నీళ్ళు పట్టే మొక్క అది. పెళ్ళిళ్ళ అలంకరణ అయ్యాక ఫంక్షన్ హాళ్ళవాళ్ళు చెత్తలో పారేసినవాటిని ఏరుకొచ్చి, ఆరేళ్ళలో ఇరవై రెండు చేశాడు. వారానికోసారి ఒక్కో కుండీ వంచి పాతనీళ్ళు పారబోయాలి, లేకుంటే దోమలు గుడ్లు పెడతాయి. కానీ ఈ జ్వరాల సీజన్లో దబీర్‌పురా మెట్లన్నీ ఎక్కి దిగి, అందరి నీళ్ళ డ్రమ్ములూ బోర్లించి ఇల్లు చేరేసరికి ఇక తన నడుము వంగేది కాదు. అట్లా రెండు వారాలు దాటాయి.

ఇంతలో ఎదురింటి రుక్మాబాయి మనవరాలు పూజితకు డెంగీ వచ్చింది. ఆ ఇంటి చుట్టూ యాభై ఇళ్ళు చూడమని ఆర్డరు. పోయిన వారమే "రెండు దినాలకోపారి నల్లా వస్తది, ఎట్ల బతకాలె?" అని రుక్మాబాయి మొత్తుకున్నా వినకుండా ఆమె డ్రమ్ము బోర్లించింది కృపాకరే.

మధ్యాహ్నానికి అతని ఇంటి వంతు వచ్చింది. సూపర్‌వైజర్ అమల గడప బయటే ఆగింది.

"మీ ఇల్లే కదా అన్నా. సాఫ్ ఉన్నదని రాస్త, పదుండ్రి."

అంతకంటే తీపి మాట ఆ రోజు అతను వినలేదు. కాళ్ళు పీకుతున్నాయి. కానీ ఎదురుగా రుక్మాబాయి, నిన్ననే ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న పిల్లకు గడపలో కూర్చుని గంజి తాగిస్తోంది.

"ఒక్క నిమిషం మేడం" అని పైకెక్కాడు.

సిరంజితో నీళ్ళు లాగి తెల్ల గిన్నెలో వదిలాడు. మూడో మొక్కలోనే దోమ పురుగులు గింగిరాలు తిరుగుతూ కనిపించాయి. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. సిగ్గుతో ఏడుపొచ్చింది. మొక్కల మీద కోపం రాలేదు, వంగనన్న తన నడుము మీదే వచ్చింది.

ఇరవై రెండూ వంచి కిందికి దిగాడు. సుద్దముక్కతో తన గోడ మీదే 'లార్వా ఉంది' అని రాసి, తేదీ వేసి, గల్లీ దాటాడు.

"అమ్మా, పురుగులు నా మిద్దె మీద దొరికినయ్. నీ డ్రమ్ముల ఆ దినం ఏం లేకుండె."

రుక్మాబాయి గంజి గిన్నె కింద పెట్టింది. తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది. ఆమె లేచి లోపలికెళ్ళి, ఖాళీ డ్రమ్ము దొర్లించుకొచ్చి అతని ముందు నిలబెట్టింది.

"రేపు నల్లా వచ్చినప్పుడు నువ్వే నింపాలె. మూత గూడ నువ్వే తేవాలె."

కృపాకర్ సరేనన్నాడు. నల్లా వచ్చేది తెల్లారుజామున నాలుగింటికి.