పట్టె మీద పళ్ళ గాట్లు

ఓక్ పట్టె నున్నగా ఉంటుంది. ఒక్కచోట మాత్రం ఉండదు.

అక్కడ పళ్ళ గాట్లు. చిన్నవి. వేలి కొన పెడితే సరిగ్గా ఇముడుతుంది.

రాట్నం ఆపినప్పుడల్లా థామసిన్ వేలు అక్కడికే పోతుంది. ఉయ్యాల తొట్టిలో ఇప్పుడు ఉన్ని. ఒకప్పుడు జేబెజ్. పళ్ళొచ్చే రోజుల్లో తొట్టి పట్టె పట్టుకుని లేచి నిలబడేవాడు. జొల్లు కారుస్తూ కొరికేవాడు... వద్దురా అంటే ఇంకా గట్టిగా కొరికేవాడు. తల్లి మాట వినడం వాడి ఒంట్లోనే లేదు.

ఆ ఓక్ ఇంటిది కాదు.

చర్చిది.

రాజుకీ పార్లమెంటుకీ చెడిన ఏడు, సఫోక్‌లో ఊరూరా చర్చిల్లో పీఠం ముందరి కంచెలు పీకేశారు. కుక్కలు లోపలికి పోకుండా కట్టామని బిషప్పుల మాట. మనం పోకుండా కట్టారని థామసిన్ మొగుడు ఎనాక్ మాట. ప్రభువు బల్ల దగ్గరికి పోవడానికి అడ్డేమిటి, రొట్టెముక్క ముందు మోకాళ్ళేమిటి, అది విగ్రహాలకి మొక్కడం కాదూ అనేవాడు. అని ఊరుకోలేదు. పెద్ద రంపం తెచ్చాడు. ఒక కొస తను పట్టాడు, రెండో కొస తమ్ముడు ఆంబ్రోజ్ పట్టాడు. ఊరంతా చుట్టూ చేరి చూసింది. పండగలాగే ఉంది ఆ రోజు.

కంచె తలా ఒక ముక్క అయింది. బీరు కొట్టుకి బెంచీ అయింది. ఎవరి పందుల దొడ్డికో తలుపయింది. ఎనాక్ ఇంట్లో తొట్టి అయింది. థామసిన్‌కి అప్పుడు నెలలు నిండాయి.

జేబెజ్ ఆ తొట్టిలోనే పెరిగాడు. వాణ్ణి ఎక్కువగా ఊపింది బాబాయి ఆంబ్రోజే.

పదిహేడేళ్ళొచ్చాక పార్లమెంటు సైన్యంలో చేరి సముద్రం దాటాడు. పోయేముందు ఆదివారం, అమ్మా నాన్నల మధ్య బల్ల చుట్టూ కూర్చుని రొట్టె తీసుకున్నాడు. నేను మనిషికీ మోకరిల్లను, రొట్టెకీ మోకరిల్లనమ్మా అన్నాడు. అక్షరం పొల్లుపోకుండా తండ్రి మాట. ఫ్లాండర్స్ ఇసుకదిబ్బల్లో రాజు మనుషుల మీద యుద్ధం జరిగింది. మనవాళ్ళు గెలిచారట.

వాడు రాలేదు.

ఆ చలికాలమే ఎనాక్ కూడా పోయాడు.

తర్వాత... పార్లమెంటు తల తీయించిన రాజు కొడుకు రాజై తిరిగొచ్చాడు.

మే నెల. గంటలు — తాళ్ళు తెగేదాకా గంటలు. టోపీ టోపీకీ ఓక్ రెమ్మ. రాజు ఓక్ చెట్టెక్కి దాక్కుని బతికి బయటపడ్డాడు కదా, అందుకని. రెమ్మ పెట్టుకోనివాళ్ళ పిక్కలకి పిల్లలు దురదగొండి ఆకు రాసేవాళ్ళు. థామసిన్ పెట్టుకోలేదు. మా ఇంట్లో ఓక్ చాలినంత ఉంది, పొండర్రా అంది.

రాజు వెనక బిషప్పు వచ్చాడు. ప్రార్థన పుస్తకం వచ్చింది. పాస్టరు ఒంటిమీదికి తెల్లంగీ వచ్చింది. మానిపించిన క్రిస్మస్ మళ్ళీ వచ్చింది. పోయినవన్నీ దేవుడు తిరిగి ఇచ్చాడని కొత్త పాస్టరు గారు గొంతెత్తి చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు.

థామసిన్ అనలేదు. చర్చి గుమ్మం వైపు చూసింది. అన్నీ వచ్చాయి, తన బిడ్డ రాలేదు.

ఒక వానరోజు ఆంబ్రోజ్ బండి కట్టుకుని వచ్చాడు. ఇప్పుడతను చర్చి పెద్ద. రంపం పట్టినవాళ్ళలోనూ ముందున్నాడు, రాజుకి జై కొట్టినవాళ్ళలోనూ ముందున్నాడు. టోపీలో ఎండిపోయిన ఓక్ రెమ్మ ఇంకా ఉంది.

బిషప్పు గారి మనుషులు చూడటానికొస్తున్నారట. కంచె ఎక్కడిదక్కడ ఉండాలట. బీరు కొట్టువాడు బెంచీ ఇచ్చేశాడు. పందుల దొడ్డి తలుపు వచ్చింది, అది కడగలేక తను చచ్చాడట. మిగిలింది ఈ తొట్టి. ఇవ్వకపోతే చర్చి కోర్టుకి లాగుతారు. తెల్ల దుప్పటి కప్పి, ఆదివారం అందరి ముందూ నిలబెట్టి, తప్పయిందని చెప్పిస్తారు. ఇదంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఒక్కసారి కూడా ఆమె మొహం చూడలేదు.

"రంపం రెండో కొస పట్టింది నువ్వు కాదూ?" అంది థామసిన్.

"నేనే వదినా."

"మరి నీకెవరయ్యా కప్పేది, దుప్పటి?"

ఆంబ్రోజ్ టోపీ తీశాడు. ఎండిన రెమ్మ నేలమీద రాలింది. దాన్ని చూస్తూ, గొంతు తగ్గించి అన్నాడు.

"తొట్టిలో బిడ్డ లేడు కదా వదినా..."

ఎంత మాట అన్నాడు.

వాన చూరు మీంచి కారుతోంది. థామసిన్ చెయ్యి పట్టె మీదికి పోయింది. అతని చూపూ అక్కడికే పోయింది. అతనికీ తెలుసు. వాడు కొరుకుతుంటే చూసి, ఎలక పుట్టింది మనింట్లో అని పడీ పడీ నవ్వినవాడే.

ఆమె ఉన్ని అంతా తనే తీసి నేలమీద పోసింది.

"చిత్రిక పట్టించకు."

"సరే."

"ఇక్కడ... ఈ చోట ఎవర్నీ ముట్టనివ్వకు."

"సరే అన్నాగా వదినా."

బండి వెళ్ళిపోయింది. ఆ రోజు నించీ రాట్నం ఆగినప్పుడల్లా ఆమె చెయ్యి పక్కకి పోయేది. అక్కడ ఏమీ తగిలేది కాదు.

చర్చిలో కంచె లేచింది. మైనం రుద్దారు. పీఠం గదికి తలుపు, తలుపుకి తాళం, తాళంచెవి పాస్టరు గారి నడుముకి. వెనక బెంచీలోంచి చూస్తే కంచె దూరంగా నల్లటి గీతలా కనపడేది, అంతే. లోపలికి పోవాలంటే ప్రభువు బల్ల రొట్టె తీసుకోవాలి. రొట్టె తీసుకోవాలంటే మోకరించాలి.

మోకరిస్తే... ఎనాక్ ఏమంటాడు. వాడేమంటాడు.

చలికాలమంతా అదే ఆలోచన. రాట్నం తిరిగినంతసేపూ అదే.

ఈస్టరు పొద్దున ఆమె బెంచీలోంచి లేచింది. నడవలోకి వచ్చింది. ముందుకే నడిచింది.

లొంగింది అన్నారెవరో. దుప్పటికి భయపడిందిలే అన్నారింకెవరో. పీఠం గది గుమ్మంలో ఆంబ్రోజ్ చేతికర్రతో నిలబడి ఉన్నాడు. పలకరించలేదు. గడ్డంతో కంచె చివరికి, గోడ వైపుకి చూపించాడు.

థామసిన్ అక్కడికి పోయింది. క్షమించరా నాయనా, అంది లోపల.

మోకరించింది.

రెండు చేతులూ పట్టె మీద పెట్టింది. నున్నగా ఉంది. ఇంకాస్త ఇటు — నున్నగా. మైనం వాసన. ఇంకాస్త అటు — నున్నగా. చిత్రిక పట్టేశారు... మాట తప్పాడు... వేలు గోడ దాకా పాకింది —

ఇమిడింది.

తెల్లంగీ వచ్చి ఎదురుగా ఆగింది. రొట్టె చూపించి పాస్టరు గారు ఎదురుచూశారు. అరచేతులు రెండూ పైకి చాపాలి. చాపాలంటే పట్టె వదలాలి.

పాస్టరు గారు చిన్నగా దగ్గారు. పక్కనున్నావిడ మోచేత్తో పొడిచింది. గుమ్మంలో ఆంబ్రోజ్ మొహం అటు తిప్పుకున్నాడు.

ఓక్ పట్టె నున్నగా ఉంది.

ఒక్కచోట మాత్రం లేదు.