మిషన్ల గదిలో వలిసె పూత

చింతపల్లి కొండమీద మూడేళ్లుగా చలి సరిగ్గా దిగడం లేదు. నూనెగింజల పంట వలిసె, పూత పూసినట్టే పూసి మాడిపోతోంది. సింగన్నకు మిగిలింది దోసెడు విత్తనం. దాన్ని మూటగట్టుకుని బావమరిది దగ్గరికి వెళితే, ఆ చలి ఎక్కడికి పోయిందో అతనికి సికింద్రాబాదులో తెలిసింది. మారేడ్‌పల్లి కంప్యూటర్ల ఆఫీసులో బావమరిది పైడిబాబు వాచ్‌మన్. మిషన్ల గది తలుపు తీయగానే సింగన్న ఒళ్లు కార్తీకమాసంలోలా జలదరించింది. గోడ అవతల చూస్తే, ఏసీ పెట్టె వేడిని వీధిలోకి ఊదుతోంది.

“దొంగలు దొరికార్రా పైడీ!”

“నా ఉద్యోగం పోద్ది బావా!” అని పైడిబాబు మొత్తుకుంటున్నా, సింగన్న మిషన్ల నడుమ కుండీలు పెట్టి వలిసెలు చల్లాడు. రెండు నెలలకు ట్యూబులైట్ల కింద గదంతా పసుప్పచ్చగా పూసింది.

మేనేజర్ భానుప్రకాశ్ నోరు తెరిచాడు. “ఏందీ గిట్ల? గిది ఆఫీసా, చేనా?”

“మా చలి మీరు ఎత్తుకొచ్చేసినారు బాబూ. అందుకే పంట ఇక్కడేసినాను.”

భానుప్రకాశ్ బయటికెళ్లి పెట్టె ముందు చెయ్యి పెట్టి, చురుక్కుమంటే తీసేశాడు. “నిజమేనయ్యా. మరి గింజ ఎప్పుడొస్తది?”

సింగన్న తల దించుకున్నాడు. “తేనెటీగ వాలందే గింజ కట్టదు. కొండమీద ఈగలున్నాయి, చలి నేదు. ఇక్కడ చలుంది, ఈగలు నేవు.”

“తెచ్చుకో. కానీ గేటు కాడ రిజిస్టర్ల ఎక్కించాలె.”

సింగన్న కొండమీంచి తేనెపట్టు తెచ్చాడు, పైడిబాబు ఎక్కించాడు. పేరు, తేనెటీగలు. వచ్చిన పని, గింజ కట్టించడం. వెళ్లిన సమయం గడి ఇప్పటికీ ఖాళీయే. సింగన్న మాత్రం కుంచెడు విత్తనంతో కొండెక్కాడు.