మారుమనువు లేని కులం

“పప్పు ఉడికేలోపు రెండు పేజీలైతయి గదా. ఉత్త టైపే గదా” అన్నాడు పరమేష్, కాగితాల కట్టను కంప్యూటర్ పక్కన పెడుతూ.

నాగరాణికి ఆ ‘ఉత్త’ కొత్త కాదు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె చేసింది ఉత్త వంట, ఉత్త చాకిరీ. పెళ్లికి ముందు రామన్నపేటలో టైపు నేర్చుకున్న పాపానికి, భర్త కార్యదర్శిగా ఉన్న కులసంఘం చరిత్ర పుస్తకం మొత్తం ఆమె వేళ్ల మీదే పడింది. నాలుగు నెలలుగా కొడుతోంది. ప్రూఫులు దిద్దేదీ ఆమే. ముందుమాటలో అరవై మందికి కృతజ్ఞతలున్నాయి, మీటింగులకు కుర్చీలు కిరాయికిచ్చిన సతీశ్‌తో సహా. ఆమెకు మాత్రం లేవు.

పుస్తకం పుట్టిందే కోపంలోంచి. తెల్లదొరల కాలంలో ఎవరో అచ్చేసిన గ్రంథంలో వీళ్ల గురించి మూడు ముక్కలున్నాయట: గొర్రెలు కాస్తారు, ఆడవాళ్లు ఉన్ని వడుకుతారు, మొగుడు పోయిన ఆడది మళ్లీ పెళ్లాడుతుంది. ఆ మూడూ సంఘం పెద్దలకు మూడు చెంపదెబ్బలు. సర్కారు గొర్రెలిస్తానన్నప్పుడు ‘తరతరాల గొర్రెల కాపరులం’ అని దరఖాస్తు మీద సంతకాలు పెట్టింది కూడా ఈ పెద్దలే. పుస్తకంలోకి వచ్చేసరికి రాజవంశమైపోయారు. సరే, ఊహల్లో రాజ్యాలేలుకుంటే ఎవరికి నష్టం అనుకుంది నాగరాణి. కత్తులు టైపు చేసింది, గుర్రాలు టైపు చేసింది, నవ్వొస్తే కొంగు నోట్లో కుక్కుకుంది. కానీ వీళ్లు రాజులు కావడానికి వేసుకున్న బాట ఆడవాళ్ల మీదుగానే పోయింది. “మన స్త్రీలు గడప దాటి ఎరుగరు. మన కులమున మారుమనువు ఏనాడూ లేదు.” ఆ రెండు వాక్యాల దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయాయి.

అవతల వరండాలో తల్లి సోమమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. సోమమ్మ మొదటి మొగుడు పాము కరిచి పోయేనాటికి ఆమెకు పదహారేళ్లు. అదే కులంలోని చెన్నయ్యకు మొదటి భార్య లచ్చమ్మ పిల్లాజెల్లా లేకుండానే జ్వరంతో పోయింది. కులపెద్దలే కూర్చుని ఇద్దరినీ కలిపారు. పందిరి వేయలేదు, డప్పు కొట్టలేదు. కొత్త చీర పెట్టి, చేతులకు గాజులు తొడిగి, ‘పో బిడ్డా, బతుకు’ అన్నారు. ఆ రెండో బతుకులో పుట్టింది నాగరాణి. తన కులంలో గర్వపడేది ఏదైనా ఉందంటే ఆమెకు ఈ ఒక్కటే కనబడేది. పదహారేళ్ల పిల్లను మూలన కూర్చోబెట్టకుండా బతకమన్న కులం. వెతికి వెతికి సరిగ్గా దాన్నే తుడిచేశారు.

చివర కుటుంబాల వంశవృక్షాలున్నాయి. పుట్టింటి పేజీ తిప్పితే భర్త చేతిరాతలో: ‘చెన్నయ్య, భార్య లచ్చమ్మ, కూతురు నాగరాణి.’

“లచ్చమ్మ నేను పుట్టుడుకు మూడేండ్ల ముందే సచ్చిపోయింది” అంది నాగరాణి.

“ఎవడు లెక్కవెడ్తడు? మీ నాయిన మొదలు చేసుకున్నది లచ్చమ్మనే గదా. గది అబద్ధమా?”

“మరి మా అమ్మ?”

“మీ అమ్మకేం తక్కువైంది? నా ఇంట్లనే తింటాంది, పంటాంది. కార్యదర్శి అత్తనే మారుమనువుదని తెలిస్తె ప్రెసిడెంటు దశరథం నన్ను సంఘంల ఉండనిస్తడా? నా పరువు ఫికరే లేదు నీకు.”

“నేను కొట్ట.”

ఇన్నేళ్లలో భర్తకు ఎదురుచెప్పడం అదే మొదటిసారి. అరుస్తాడనుకుంది. అరవలేదు. “అత్తా, జర ఇటు రా” అని సోమమ్మను పిలిచి, కుర్చీ వేసి, మెల్లగా అంతా చెప్పాడు. తమ కూతురు సుస్మితకు వస్తున్న ఆలేరు సంబంధం దశరథం బంధువులదేనని కూడా చెప్పాడు. మనవరాలి పేరు వినగానే సోమమ్మ తల వంచుకుంది.

“లచ్చమ్మ పేరే పెట్టు బిడ్డా” అంది.

“అమ్మా!”

“నాకేమైతదే? సదువురానిదాన్ని. బుక్కుల ఉంటె నాకేం తెలుస్తది, లేకుంటె ఏం తెలుస్తది? పిల్ల సంబంధం చెడగొట్టకు. లచ్చమ్మ గూడ పాపం మంచిదేనట.”

అని మళ్లీ చేట దగ్గరకు పోయింది. కూతురి మొహం చూడలేదు. పరమేష్ మాత్రం చూశాడు, ‘విన్నవా’ అన్నట్టు.

మగవాళ్లతోనే పోట్లాట అనుకుంది నాగరాణి. అమ్మే అటువైపు పోయాక ఇంక ఎవరి కోసం పోట్లాడాలి? సుస్మిత గుర్తొచ్చింది. రేపు ఆ పిల్ల తలరాత బాగోక మొగుడు పోతే, మళ్లీ చేసుకుంటానని నోరు తెరిస్తే, ఈ పుస్తకమే తెచ్చి ముందు పెడతారు. మన కులంలో అటువంటిది లేదమ్మా, చూడు, మీ అమ్మే టైపు చేసింది అంటారు. సోమమ్మకు దొరికిన చీరా గాజులూ కాలేజీ చదువు చదివిన మనవరాలికి దొరకవు. అమ్మ తన మనవరాలి బాగు కోసమే ఆ తలుపు మూసేసింది, మూసింది తలుపని ఆమెకు తెలియనే తెలియదు.

“ఎల్లుండి ఆవిష్కరణ. గీ పొద్దే ప్రెస్సుకు పోవాలె” అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు పరమేష్.

పప్పు దించి వచ్చి కూర్చుంది. గడప దాటని స్త్రీలను కొట్టింది. ఏనాడూ లేని మారుమనువును కొట్టింది. ‘చెన్నయ్య, భార్య లచ్చమ్మ’ అని కొట్టి, కింద తన పేరు కొట్టబోయి ఆగింది. లచ్చమ్మ కడుపున ఎవరూ పుట్టలేదు. అమ్మ ఆ ఇంటికి రాకపోతే తానూ లేదు.

‘సంతానం లేదు’ అని కొట్టి, ఫైలు ప్రెస్సుకు పంపించింది.